కుట్టు మాత్రం ఊడలేదు

ఆ రోజుల్లో పని అప్పగించడానికి ఒక మర్యాద ఉండేది. చిరిగిన వస్తువును తెచ్చి అంగడి అరుగు మీద పెట్టి, "ఆయ్, ఇదండీ సంగతి" అని చెప్పి, మళ్ళీ ఎప్పుడు రమ్మంటారో కనుక్కుని వెళ్ళిపోయేవారు. ఏ దారం వాడాలో, సూది ఎక్కడ దింపాలో కుట్టేవాడికి చెప్పే సాహసం ఎవరూ చేసేవారు కారు. ఇప్పుడు వచ్చేవారు ఫోనులో ఒక బొమ్మ చూపించి, అచ్చం ఇలాగే కావాలంటున్నారు. కుట్టేవాడికి ఒక బుర్ర ఉంటుందనీ, అందులో కొన్ని సూత్రాలు ఉంటాయనీ వారికి తోచడం లేదు. ఈ మార్పును నేను మొదటి నుంచీ నిరసిస్తూనే ఉన్నాను. అయితే నా నిరసనకు మా కుటుంబంలో ఏమాత్రం విలువ లేదు. పనితనం గురించి నాలుగు మాటలు చెప్పబోయేసరికి ఎవరో ఒకరు ఫోను తీసి ఆ పాత వీడియో పెడతారు. ఇక నా మాట ఎవరికీ వినిపించదు.

ఆ వీడియోలో ఒక పెద్ద ఎర్రని గాలిపటం, దాని తాళ్ళకు కట్టబడి ఇసుక మీద పరుగెత్తుతున్న మా బావగారు, ఒక మూల రెండు చేతులూ పైకెత్తి నిశ్చేష్టుడై నిలబడిన నేను కనిపిస్తాము. చుట్టూ గులాబీ పువ్వులు, ఎర్రని హృదయాకారాలు తిరుగుతూ ఉంటాయి. (వాటి సంగతి ముందు ముందు చెబుతాను.) మా మేనకోడలు దాన్ని కుటుంబ వాట్సాప్ గుంపులో పెట్టిన నాటి నుంచి ఏ శుభకార్యంలోనైనా భోజనాల తరువాత ఇదే ప్రదర్శన. పైగా ఆ ఉదంతం మీద రెండు కథలు ప్రచారంలో ఉన్నాయి. నాకు పని రాదన్నది మొదటిది. పని బాగానే వచ్చు, కానీ మా అక్క కోసం కావాలనే చెడగొట్టానన్నది రెండోది. మొదటి కథ చెప్పేవారు నవ్వుతారు. రెండో కథ చెప్పేవారు నా భుజం తడతారు. రెండూ అసత్యాలే. జరిగినదాన్ని జరిగిన క్రమంలో రాసిపెట్టడం నాకు మొదటి నుంచీ అలవాటు కనుక రాస్తున్నాను.

నేను బరకాలు కుట్టేవాడిని. వర్షం వస్తే ధాన్యం మీదా, లారీల మీదా కప్పే మందపాటి గుడ్డనే మా వైపు బరకం అంటారు. మండపేటలో రైసుమిల్లుల లారీలకు బరకాలు కుట్టే ఒక మేస్త్రి దగ్గర పని నేర్చుకుని, ముప్పై నిండకముందే అమలాపురంలో సొంతంగా కొట్టు పెట్టుకున్నాను. మా మేస్త్రి నేర్పిన ప్రధాన సూత్రం ఒక్కటే. కుట్టిన బరకాన్ని నేల మీద పరిస్తే చాపలా పడాలి. ఎక్కడైనా ఉబ్బిందంటే ఆ ఉబ్బు పక్కన పల్లం ఉంటుంది, పల్లంలో నీరు నిలుస్తుంది, నిలిచిన నీరు దిగుతుంది, ధాన్యం మొలకెత్తుతుంది. కాబట్టి గుడ్డలో వదులు అనేది కుట్టేవాడి నేరం. ఆయన పూర్తయిన బరకం మీద బిందెడు నీళ్ళు పోయించి, ఎక్కడైనా చుక్క నిలిస్తే మొత్తం విప్పించేవాడు. నేను విప్పి కుట్టిన అతుకులకు లెక్క లేదు. ఆ శిక్షణ నా ఎముకల్లో ఇంకిపోయింది.

నిజం చెప్పాలంటే అది నాలో అంతకుముందే ఉంది. నేను హైస్కూల్లో చదువుకునే రోజుల్లో, అంటే ఇంట్లోని పాత మిషను మీద చేయి తిరుగుతున్న కాలంలో, మా అక్క తన బుట్ట చేతుల జాకెట్టు ఇచ్చి భుజం దగ్గర పిగిలిన కుట్టు వేసిపెట్టమంది. అది బండారులంక నేత చీరలోంచి తీసిన గుడ్డ. విప్పి చూస్తే ఒక్కొక్క చేతిలో రెండేసి చేతులకు సరిపడా గుడ్డను కుచ్చులు పెట్టి దాచి ఉంచారు. ఆ దుబారా చూసి నేను ఊరుకోలేకపోయాను. కుచ్చులన్నీ విప్పి, అదనపు గుడ్డ కత్తిరించి, గొట్టాల వంటి చక్కని చేతులు కుట్టి, మిగిలిన గుడ్డను కాగితంలో మడిచి నిజాయితీగా అక్కకు తిరిగి ఇచ్చాను. ఆ సాయంత్రం బంధువుల పెళ్ళికి ఆమె మండువేసవిలో శాలువా కప్పుకుని వెళ్ళింది. చాలా రోజులు నాతో మాట్లాడలేదు. (ఇది ప్రస్తుత విషయానికి సంబంధించినది కాదు. క్రమం తప్పకూడదని రాశాను.)

ఇక బావగారి విషయం. అక్కను రాజోలు దగ్గర ఒక లంక గ్రామంలో ఇచ్చాము. బావగారు గల్ఫులో సముద్రతీరాన ఒక ఆటల కేంద్రంలో పని చేసేవారు. అక్కడి దొరలు పెద్ద గాలిపటాలను గాలిలోకి లేపి, వాటి తాళ్ళు నడుముకు తగిలించుకుని, కాళ్ళ కింద ఒక చెక్కతో నీళ్ళ మీద జారిపోతూ ఉంటారట. ఆ గాలిపటాలకు పంపుతో గాలి కొట్టడం, ఆట అయ్యాక ఇసుక దులిపి మడతపెట్టడం బావగారి ఉద్యోగం. దొరలు వెళ్ళిపోయాక తాను కూడా కాస్త నేర్చుకున్నారు. ఒకసారి ఆయన సెలవు మీద వస్తూ, కడుపు నిండా బట్టలు కుక్కిన మేకపిల్లలా ఉన్న ఒక సంచిని భుజాన వేసుకుని నేరుగా నా కొట్టుకు వచ్చారు.

"ఇదిగో బామ్మర్దీ," అంటూ దాన్ని అరుగు మీద పడేశారు. "దీన్ని బాగుచేసి పెట్టాలి. నా బతుకు దీని మీదే ఉంది."

విప్పితే అరుగు చాలలేదు, కొట్టు చాలలేదు. సగం గుడ్డ రోడ్డు మీదికి పోయి, ఒక ఆటో ఆగిపోయింది. ఎర్రని పలుచని నైలాను గుడ్డ. అంచున మనిషి తొడంత లావు గొట్టం, దాని నుంచి వెనక్కి పక్కటెముకల్లా మరికొన్ని సన్నని గొట్టాలు, వాటి లోపల గాలి నింపే ట్యూబులు. లావు గొట్టానికీ గుడ్డకీ మధ్య అతుకు బారెడు పొడవున ఊడిపోయి ఉంది. గుడ్డ ముక్కల మధ్య అతుకులు కూడా చాలాచోట్ల పిగిలాయి. దులిపినకొద్దీ ఇసుక రాలుతూనే ఉంది. మన ఇసుక కాదు, తెల్లగా, పిండిలా ఉంది.

"ఇదేం గుడ్డండీ బావగారూ, ఇంత పలచన. ఉల్లిపొరలా ఉంది."

"పలచనైతేనే కదా ఎగిరేది. మా యజమాని చింపేసిన దాన్ని నాకిచ్చేసేడు. ఏం చెప్పేడో తెలుసా? దీన్ని బాగుచేసుకుని, మీ ఊరి సముద్రంలో నువ్వు నడుపుతుండగా వీడియో తీయించి పంపు. చూసి నచ్చితే నేర్పించే మాస్టారుగా వేసుకుంటాను, లేదంటే గాలి కొట్టే పనికి వేరే కుర్రోణ్ణి పెట్టేసేను, నువ్వు రానక్కర్లేదు, అన్నాడు."

"నీళ్ళ మధ్యలో పడిపోతేనండీ?"

"లంకలో పుట్టినోణ్ణి పట్టుకుని ఈత గురించి అడుగుతావేంటి. నువ్వు కుట్టవయ్యా ముందు. నేను రాజమండ్రిలో గొడుగులు బాగుచేసే ఆయనకి ఇద్దామనుకున్నాను. మీ అక్కే, పైవాళ్ళకెందుకండీ, మా తమ్ముడికే ఇవ్వండి అని ఒకటే పోరు."

ఆ మాట విని నాకు ఛాతీ పొంగిందని ఒప్పుకోవడానికి సిగ్గుపడను. జాకెట్టు ఉదంతం తరువాత అక్క నాకు ఒక గుండీ కుట్టే పని కూడా అప్పగించలేదు. ట్యూబులకు పడిన చిల్లులు సైకిలు షాపులో అతికిస్తానని వాటిని లాగి చంకన పెట్టుకుని బావగారు వెళ్ళిపోయారు. వెళుతూ వెళుతూ, "ఎలా ఉన్నది అలాగే కుట్టేయ్, నీ తెలివితేటలు పెట్టకు" అన్నారు. ఆ వాక్యంలోని రెండో భాగాన్ని నేను పట్టించుకోలేదు.

రెండు రోజులకు అక్క వచ్చింది. చేతిలో గిన్నెడు పనసపొట్టు కూర. మిషను పక్కన స్టూలు మీద కూర్చుని, గుట్టగా పడివున్న ఎర్రగుడ్డను సవతిని చూసినట్టు చూసింది.

"ఇది ఎగిరితే ఆయన మళ్ళీ వెళ్ళిపోతారురా," అంది. "ఈసారి మాస్టారంట. ఇంక రెండేళ్ళకో మూడేళ్ళకో ఓసారి చుట్టంలా వస్తారు. పిల్లేమో నాన్నని చూసి, ఈయన మనింట్లో ఎప్పటిదాకా ఉంటాడే అమ్మా అనడిగింది."

నా చేతిలోని కత్తెర ఆగిపోయింది. "అయితే కుట్టొద్దంటావా అక్కా?"

"అయ్యో, కుట్టొద్దని నేనెందుకంటాను? ఆయన మనసు పెట్టుకున్నారు. కాస్తో కూస్తో కుట్టి ఇస్తే సముద్రంలో పడతారు. గట్టిగా కుట్టు." కూర గిన్నె మీద మూత సర్దింది. "ఆయన ఏదో చెప్తారు, అవన్నీ పట్టించుకోకు. నీ పద్ధతిలో నువ్వు కుట్టు తమ్ముడూ. నీ పద్ధతి నీదే."

అంతవరకు నా పద్ధతిని అలా మెచ్చుకున్నవారు లేరు. మా మేస్త్రి కూడా విప్పించాడే గాని మెచ్చుకోలేదు. ఆ రోజు పనసపొట్టు కూర తింటూ, ఈ గాలిపటాన్ని నా జీవితంలోకెల్లా ఉత్తమమైన పనిగా నిలబెట్టాలని నిశ్చయించుకున్నాను. ఇక్కడ పాఠకులు ఒక విషయాన్ని గుర్తుంచుకోవాలి. చెడగొట్టమని ఆమె అనలేదు. చెడగొట్టాలని నేను అనుకోలేదు. గట్టిగా కుట్టమంది, గట్టిగా కుట్టాను.

మరునాడు కొబ్బరితోటలో ఒక చదునైన జాగా చూసి గాలిపటాన్ని పరిచాను. అది పడలేదు. ఒకచోట చేత్తో నొక్కితే ఇంకోచోట లేచింది. అక్కడ నొక్కితే వెనక లేచింది. మోకాళ్ళ మీద పాకుతూ గుడ్డంతా తిరిగి చూస్తే నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక్క అతుకు కూడా తిన్నగా లేదు. ఒక ముక్క అంచు చంద్రవంకలా లోపలికి, పక్క ముక్క అంచు బొజ్జలా బయటికి. ఆ రెంటినీ కలిపి కుట్టేసరికి గుడ్డ నిండా ఉబ్బులే. కుట్టయినా నేరుగా ఉందా అంటే, కల్లు తాగినవాడి నడకలా అటూ ఇటూ వంకరలు పోయి ఉంది. విదేశాల్లో ఇంత ఖరీదైన గుడ్డను ఇంత అశ్రద్ధగా కుట్టి అమ్ముకుంటున్నారా అని ఆశ్చర్యపోయాను. అతుకులు ఊడాయంటే ఊడవా మరి? వర్షం పడితే ఈ గుడ్డ మీద చిన్న చిన్న చెరువులే తేలతాయి. (ఆకాశంలో నిలువుగా నిలబడే గుడ్డ మీద నీరు ఎలా నిలుస్తుందని మా మేనకోడలు తరువాత అడిగింది. సూత్రం సూత్రమే అన్నాను.)

ఊడిన అతుకుల్ని మాత్రమే కుట్టి డబ్బు తీసుకునే రకాన్ని కాను. మొత్తం విప్పాను. ఒక్కొక్క ముక్కను చెక్క బద్ద కింద పెట్టి, సుద్దతో గీత గీసి, బొజ్జలాగా పొడుచుకొచ్చిన భాగాన్ని కత్తిరించి అంచును తిన్నగా తెచ్చాను. రెండు అంచులూ ఒకదానిలో ఒకటి మడిచి, లారీ బరకానికి వేసే జంట కుట్టు, మైనం పట్టించిన దారంతో వేశాను. పైన ఇంకొకసారి మైనం రుద్దాను. ఊడిపోయిన పొడవాటి అతుకు దగ్గర, లావు గొట్టంలోకి సూది దిగి ట్యూబుకు చోటు తగ్గకుండా లోపల చెక్క పెట్టి మరీ కుట్టాను. కత్తిరించగా మిగిలిన చంద్రవంక ముక్కలన్నీ పొడవు ప్రకారం పేర్చి, దారంతో కట్టి, కట్టకు ఒక చీటీ తగిలించాను: "బావగారి సొత్తు. మిగులు గుడ్డ." ఎవరి గుడ్డ వారికి చేరాలి.

ఎడమ చివరన ఒక్క ముక్క మిగిలిపోయింది. దాన్ని కూడా బద్ద కింద పెట్టేలోపు బావగారు మోటారు సైకిలు మీద వచ్చిపడ్డారు. ట్యూబులు తెచ్చారు, వీడియో తీసే ఆయన్ని మాట్లాడేశారు, గాలి తిరిగిందన్నారు, సెలవు అయిపోవస్తోందన్నారు. ఆ ఒక్క ముక్క అయ్యాక వెళదామని నేనెంత చెప్పినా వినలేదు. చివరికి ఊడిన కుట్టు మాత్రం పైపైన వేసి, పని అసంపూర్ణమని పని పుస్తకంలో రాసి, ఆయన చేత సంతకం పెట్టించుకుని మరీ బయలుదేరాను. నేటి వరకు నా పుస్తకంలో ఆ పని పక్కన 'పూర్తి' అన్న మాట లేదు.

ఓడలరేవు తీరం చేరేసరికి మధ్యాహ్నం గాలి బాగా వీస్తోంది. అక్క పిల్లను తీసుకుని ముందే వచ్చి ఒక పడవ నీడన కూర్చుంది. వీడియో ఆయన పెళ్ళిళ్ళ మనిషి. తెల్ల చొక్కా, మెడలో తువ్వాలు. సంచిలోంచి ముందు వినాయకుడి పటం తీసి ఇసుకలో గుచ్చాడు.

"ఇదెందుకండీ?" అన్నారు బావగారు.

"మొదటి షాటు దేవుడి మీదే ఉండాలండి. దేవుడి మీంచి అలా వెనక్కొచ్చి సముద్రం చూపిస్తాను. తర్వాత మీరు చెక్క మీద కాలు పెట్టేది. కుడికాలండోయ్."

"ఇది పెళ్ళి కాదయ్యా."

"ఏదైనా శుభకార్యమే కదండీ."

ట్యూబులు దూర్చి గాలి కొట్టాము. గొట్టాలు గట్టిపడి గాలిపటం లేచి కూర్చుంది. బావగారు దాని చుట్టూ ఒకసారి తిరిగి ఆగిపోయారు.

"ఏంటి బామ్మర్దీ, ఇది తలుపు రెక్కలా ఉంది?"

"ఇప్పుడు తిన్నగా ఉందండీ," అన్నాను సంతోషంగా. చంద్రవంకల కట్ట తీసి ఆయన చేతిలో పెట్టాను. "ఇవి మీవండి. ప్రతి అతుకులోనూ కాస్త కాస్త ఎక్కువ గుడ్డ పెట్టేసేడు ఆ కుట్టినవాడెవడో. తీసేసేను."

ఆయన ఆ ముక్కల వంక చూశారు. గాలిపటం వంక చూశారు. ఆయనకు గాలి కొట్టడం వచ్చు, మడతపెట్టడం వచ్చు, కాస్తో కూస్తో నడపడం వచ్చు. అది ఎందుకు ఎగురుతుందో మాత్రం నాకెంత తెలుసో ఆయనకూ అంతే తెలుసు. "బరువు తగ్గిందంటావా అయితే?" అన్నారు ఆశగా.

"తగ్గింది కదండీ మరి." (మైనం సంగతి ఆ క్షణంలో నాకు స్ఫురించలేదు.)

ఆయన కట్టను నడుము దగ్గర దోపుకుని, తాళ్ళు తగిలించుకుని, దూరంగా నీళ్ళ అంచున నిలబడ్డారు. గాలిపటాన్ని నిలబెట్టి పట్టుకోవడం నా పని. ఆయన బొటనవేలు పైకెత్తగానే వదలాలి. అక్క పడవ నీడన లేచి నిలబడింది. ఆయన బొటనవేలెత్తారు. నేను వదిలాను.

తరువాత జరిగినదాన్ని వీడియోలో చూసినవారు నవ్వుతారు గాని, ఎదురుగా నిలబడి చూసినవాడికి నవ్వు రాదు. గాలిపటం పైకి లేవలేదు. అలాగని పడనూ లేదు. ఎడమ చివరన నేను తిన్నగా చేయని ఆ ఒక్క ముక్క గాలి పట్టి ఉబ్బింది. మిగిలిందంతా తలుపులా నిలబడింది. దాంతో ఆ మొత్తం కట్టడం నేలకు జానెడెత్తున, అంచు మీద దొర్లే చక్రంలా తీరం వెంబడి పక్కకు పరుగు తీసింది. వెనక బావగారు. కాసేపు నీళ్ళలో పరుగెత్తారు, కాసేపు ఇసుకలో పరుగెత్తారు, తరువాత పరుగెత్తడం మానేసి ఈడ్వబడ్డారు. చెక్క ఒక్కటే నీటి అంచున కుదురుగా నిలిచింది. వినాయకుడి పటం మీంచి తాళ్ళు దాటిపోయాయి, దేవుడికి ఏమీ కాలేదు. వీడియో ఆయన కెమెరా భుజాన పెట్టుకుని పక్కనే పరుగెడుతూ, "సార్, ఇటు చూడండి. సార్, మొహం కనపడ్డం లేదు. కాస్త నవ్వండి సార్" అంటున్నాడు.

అది పెద్ద అర్ధచంద్రాకారంలో ఒడ్డు మీదికి తిరిగి, ఇసుక మీద చేపలు ఎండబెట్టుకున్న చోటికి చేరి, అలసిపోయినట్టు వెల్లకిలా పడింది. ఎండుచేపల మీద పరుచుకుని ఇక కదలలేదు. బావగారు దాని కొసన బోర్లా పడివున్నారు. చంద్రవంక ముక్కలు ఆయన నడుము నుంచి జారి తోవ పొడవునా రాలిపోయాయి.

చేపల యజమానురాలు చీర కొంగు బిగించి వచ్చేసింది. "ఏవయ్యో, కళ్ళు కనపడతన్నాయా లేదా? మీ ఆటలకి మా చేపలే దొరికినయ్యా? దిగండి, తియ్యండి దీన్ని."

నేను క్షమాపణ చెబుతూ అంచు పట్టుకునేసరికి, సముద్రం మీదినుంచి ఒక నల్లని మబ్బు వచ్చి టపటపా చినుకులు రాల్చింది. పక్కవాళ్ళు తమ చేపలు ఎత్తుకోవడానికి పరుగులు పెట్టారు. ఈమె కూడా వంగి, నా గాలిపటం కింద చేయి పెట్టి చూసింది. మరోసారి చూసింది. చినుకులు గుడ్డ మీద పడి, క్షణం కూడా నిలవకుండా, అంచులకు జారి ఇసుకలో ఇంకిపోతున్నాయి. కింద ఒక్క చేప తడవలేదు.

"ఉండండుండండి, తియ్యకండి," అంది నా చేయి పట్టుకుని. "ఈ బరకం ఎవరు కుట్టేరండి?"

"నేనేనండి."

"ఎక్కడండి మీ కొట్టు?"

చెప్పాను. వాన ఆగేదాకా ఆమె దాన్ని తీయనివ్వలేదు. ఆ వారంలోనే వచ్చి రెండు బరకాలు కుట్టించుకుని వెళ్ళింది. ఆ మొత్తం ఉదంతంలో నా పనిని పనిగా గుర్తించిన మనిషి ఆమె ఒక్కతే. వాన వెలిశాక అక్కడే మోకాళ్ళ మీద కూర్చుని అతుకులన్నీ వేలితో తడిమి చూశాను. అంత గాలికి, అంత ఈడ్పుకు, ఒక్క కుట్టు ఊడలేదు. ఆ సంగతి బావగారికి చెప్పాను. ఆయన ఇసుక ఉమ్మి, "సంతోషం" అన్నారు.

కాస్త దూరంలో అక్క ఆయన మోచేతి గాయాలు కొబ్బరినీళ్ళతో కడుగుతూ కంటతడి పెట్టుకుంది. చాలా గట్టిగా దెబ్బలు తగిలాయేమోనని నేను కంగారుపడ్డాను. తగలలేదు. అయినా ఆమె చాలాసేపు కడిగింది.

ఆ వీడియోను గల్ఫుకు పంపే ప్రశ్నే లేదు. వీడియో ఆయన మాత్రం తన కర్తవ్యం విడవలేదు. అలవాటు ప్రకారం గులాబీలూ హృదయాకారాలూ చేర్చి, చివర 'శుభం' అని వేసి, సీడీ ఇచ్చి వెళ్ళాడు. సెలవు గడువు దాటిపోయింది. ఇంకో మనిషిని పెట్టుకున్నామని అక్కడి నుంచి కబురు వచ్చింది. బావగారు కొన్నాళ్ళు నాతో ముభావంగా ఉన్నారు. ఊరికే కూర్చోలేక మెల్లగా కొబ్బరికాయల వ్యాపారంలో దిగారు. తోటలు చూడటం, చెట్లెక్కించి దింపు తీయించడం, లారీలకెక్కించడం. చేయి తిరిగింది. సాయంత్రానికి ఇంటికి వచ్చే మనిషయ్యారు.

ఒకరోజు లారీ మీద కప్పడానికి బరకం కావాలని నా కొట్టుకు వచ్చి, టీ తాగుతూ, ఉన్నట్టుండి నా చేయి పట్టుకున్నారు.

"నీ మంచితనం నాకు ఆలస్యంగా తెలిసింది బామ్మర్దీ. నువ్వు ఆపకపోతే నేను ఎక్కడో ఇసుకలో ఉండేవాణ్ణి. పిల్ల ఎదుగుతుంటే చూసేవాణ్ణి కాదు. అక్క కోసం నీ పనికి నువ్వే మచ్చ తెచ్చుకున్నావు చూడు, అది ఎవరు చేస్తారు?"

"నేను ఆపలేదండీ బావగారూ. నిజాయితీగా కుట్టేను."

"ఆయ్, తెలుసులే," అంటూ కన్ను గీటారు.

ఎంత వాదించినా లాభం లేకపోయింది. కాదన్నకొద్దీ నా వినయానికి ఆయన ముగ్ధులయ్యారు. ఆ తరువాత ఆయన వెళ్ళిన ప్రతి పెళ్ళిలోనూ ఈ కథే చెప్పారు. నేను మూర్ఖుడినైనా కావాలి, త్యాగమూర్తినైనా కావాలి. ఈ రెండు కుర్చీలు తప్ప మూడోది నాకు ఎవరూ వేయలేదు. కుట్టమన్నారు, కుట్టాను, కుట్టు ఊడలేదు. ఈ మూడు ముక్కలూ వినడానికి ఎవరికీ ఓపిక లేదు. ఎగరడం సంగతా? ఎగిరించమని నాకు ఎవరూ పని చెప్పలేదు. అతుకులు వేయమన్నారు.

ఇంతవరకు రాసి, ఇక్కడితో ఆపుదామనే అనుకున్నాను. కానీ మొన్నటి సంగతి ఒకటి చేర్చకపోతే క్రమం దెబ్బతింటుంది.

ఆ గాలిపటం ఇప్పటికీ అక్క వాళ్ళ ఇంట్లోనే ఉంది. ఎరుపు వెలిసి ఇటుక రంగులోకి వచ్చింది. గొట్టాలు తీసేసి దాన్ని బరకంగానే వాడుతున్నారు. మొన్న నేను వెళ్ళిన రోజున పెరటి నిండా కొబ్బరి చిప్పలు ఎండబెట్టి ఉన్నాయి. బావగారు బజారుకు వెళ్ళారు. ఉన్నట్టుండి మబ్బు పట్టింది. ఒక కొస అక్క, ఒక కొస నేను పట్టుకుని గబగబా కప్పాము. నాలుగు మూలలా ఇటుకలు పెట్టి, వసారా మెట్ల మీద ఆయాసపడుతూ కూర్చున్నాము. ఇద్దరికీ మోకాళ్ళు మునుపటిలా లేవు.

గుడ్డంతా చాపలా పడింది. ఎడమ చివర ఒక్కచోట మాత్రం గాలి దూరి పైకి లేస్తూ, పడుతూ ఉంది.

"ఆ ఒక్క ముక్కా వదిలేశావేంరా?" అంది అక్క.

"సమయం చాల్లేదక్కా. బావగారు కంగారు పెట్టేరు. చెప్తే విన్నారా?"

"ఊఁ," అంది. "నా బుట్ట చేతుల జాకెట్టు గుర్తుందా నీకు?"

"ఎందుకు గుర్తులేదు? ఒక్కో చెయ్యికి రెండు చేతుల గుడ్డ..."

"పెట్టి పాడుచేశారు. అవును. అదే అన్నావు అప్పుడూను. ఎంత ఏడ్చేనో ఆ రోజు." ఆమె నవ్వుతోంది. వాన చినుకుల వంక చూస్తూ, నా వంక చూడకుండా నవ్వుతోంది. "ఈయనేమో రాజమండ్రి గొడుగులాయన దగ్గరికి తీసుకెళ్తానని ఒకటే పట్టు. కాదు మా తమ్ముడికే ఇవ్వండని నేనెందుకు పోరేననుకున్నావురా ఇన్నాళ్ళూ?"

చాలాసేపు పట్టింది నాకు, ఆ వాక్యాన్ని జాకెట్టు నుంచి గాలిపటం దాకా క్రమంలో పేర్చుకోవడానికి. చెడగొట్టమని ఆమె అడగలేదు. అడగవలసిన అవసరం ఆమెకు లేదు. ఎక్కడ ఉబ్బు కనిపించినా నా చేయి ఊరుకోదని, కత్తిరించి, తిన్నగా కుట్టి, మిగిలింది చీటీ కట్టి తిరిగి ఇస్తానని ఆమెకు తెలుసు. మూర్ఖుడు, త్యాగమూర్తి అన్న ఆ రెండు కుర్చీల సంగతి నాకు ఇక పట్టలేదు. నా పద్ధతి మీద అంతటి నమ్మకం ఉంచి, కాపురాన్నే దాని చేతిలో పెట్టిన మనిషి ఈ లోకంలో ఇంకొకరు లేరు. కోపం తెచ్చుకోవాలని ప్రయత్నించాను. రాలేదు. ఆ వీడియో మూలన రెండు చేతులూ పైకెత్తి, ఏం జరిగిందో తెలియక నిలబడ్డ ఆ యువకుడు గుర్తుకు వచ్చాడు. ఇన్నేళ్ళకైనా ఆ చేతులు దించవచ్చునని అతనికి ఎవరైనా చెబితే బాగుండుననిపించింది.

గాలి మళ్ళీ వీచింది. ఎడమ చివర ఆ ముక్క నిండుగా, గుండ్రంగా, కొత్త జాకెట్టు బుట్ట చేయిలా పొంగింది. నా జేబులో సుద్ద ఉంది. తీయలేదు.